గిల్బర్ట్ ఫ్లెట్ వెతికిన పేరు

మా బావ గిల్బర్ట్ ఫ్లెట్ చచ్చినవాళ్ళను వెతికిపెట్టడంలో దిట్ట. బతికున్నవాళ్ళ సంగతి ఎత్తితే మాత్రం వినబడనట్టు పైపు నములుతూ కూర్చునేవాడు. నలభై ఏళ్ళు వలలు అల్లాడు. వేళ్ళు బిగుసుకుపోయాక పక్క పట్నం బకీ లైబ్రరీలో, జననమరణాలు రాసిన పాత చర్చి పుస్తకాల ఫిల్ములు తిప్పడం మొదలుపెట్టాడు. కెనడా నుంచీ ఆస్ట్రేలియా నుంచీ "మా ముత్తాత మీ ఊరివాడేనట" అంటూ వచ్చేవాళ్ళకు ఆ ముత్తాతను చూపించి పంపేవాడు. మా రేవులో సగం మంది ఫ్లెట్లే. ఏ ఫ్లెట్ ఎవరి కొడుకో తేల్చడం మాటలా?

దానికి అతని దగ్గరో కిటుకు ఉండేది. మా వైపు పిల్లాడు పోయినా పేరు పోనివ్వరు, తరవాత పుట్టినవాడికి అదే పెడతారు. ఒకే తల్లిదండ్రుల కింద అదే పేరు రెండోసారి కనబడిందా, మొదటివాడు మట్టిలో ఉన్నట్టే.

1986 చలికాలంలో మా అక్కాబావల కూతురు ఎల్స్‌పెత్‌కు నెలలు నిండాయి. అక్క అప్పటికే లేదు. పిల్లకు మొదటి కాన్పు దక్కలేదు, ఆ మాట మేమెవరం ఎత్తేవాళ్ళం కాదు. సరిగ్గా అప్పుడే బావకు సొంత వంశం మీద మనసు పోయింది. ఒకరోజు నా వంటింట్లోకి వచ్చి, టోపీ కూడా తీయకుండా కూలబడ్డాడు.

"ఇసోబెల్, గిల్బర్ట్ అన్న పేరు మా ఇంట్లో ఆరుసార్లు పెట్టారు. మూడు జతలు."

"మీవాళ్ళకు ఇంకో పేరు దొరకలేదేమోలే."

"నవ్వకు. 1790లో ఒకడు, మూడేళ్ళకు ఇంకొకడు. 1856లో ఒకడు, మూడేళ్ళకు ఇంకొకడు. రెండుసార్లూ మొదటివాడు రేవులో పడి పోయాడు. చర్చి పెద్దల పుస్తకంలో రాసి ఉంది. రెండోవాడు ముసలాడయ్యేదాకా బతికాడు."

"మరి మూడో జత?"

చేతులు చాపాడు. గోళ్ళ నిండా నాచు. "ఇప్పుడే అమ్మ సమాధి రాయి అడుగున గీకి వస్తున్నా. గిల్బర్ట్, రెండేళ్ళవాడు, 1923, రేవులో. నేను పుట్టింది ఇరవై నాలుగులో."

నాకు వెంటనే పుట్టబోయే బిడ్డ గుర్తొచ్చింది. ఎల్స్‌పెత్ మొగుడు అనాథ, పెట్టడానికి అటువైపు తాత పేరు లేదు. మగపిల్లాడైతే బావ పేరేనని ఊరంతటికీ తెలుసు. పైగా వాళ్ళిల్లు రేవు గట్టు మీదే, తలుపు తీస్తే నీళ్ళు.

"దానికి చెప్పెయ్యి బావా."

"కడుపుతో ఉన్నదానికా? ఏమని చెప్పను?"

జనవరిలో మగపిల్లాడే పుట్టాడు. బాప్తిస్మానికి ముందు పేరు ఊసెత్తితే మాకు కీడు. రిజిస్ట్రారు చెవిన వేసి నోరు మూసుకోవాలి. బావ ఆ ఆచారాన్నీ కాలదన్నాడు. ఉయ్యాల పక్కన నిలబడి, "నా పేరు మాత్రం పెట్టకమ్మా" అన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"వద్దంటున్నాగా!"

పిల్ల ముఖం పాలిపోయింది. "నీ పేరుకు వీడు తగడా?"

నాకు ఒళ్ళు మండింది. "కారణం చెప్పి ఏడవరాదూ!" అని అరిచాను. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బాప్తిస్మందాకా ఆ మూడు వారాలూ గాలివానలో కూడా గట్టు మీదే తిరిగాడు. ఎల్స్‌పెత్ ఇంటి ముందు, నీళ్ళ అంచున, తన చేత్తో వల కట్టాడు. పాకడం కూడా రాని పసివాడికి ఇప్పట్నుంచీ కంచేమిటని నవ్వినవాళ్ళను కసిరాడు.

ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చున్నాడు. పాదిరిగారు బిడ్డ నుదుట నీళ్ళు చల్లి, "గిల్బర్ట్" అన్నారు.

బావ చేతిలోని కీర్తనల పుస్తకం కింద పడింది. అంతా అయ్యాక గుమ్మం దగ్గర కూతుర్ని పట్టుకుని, మూడు జతలూ, రేవూ, నాచూ అన్నీ కక్కేశాడు. "మొదటివాణ్ణి తీసుకుపోతుందే ఆ సముద్రం! మొదటివాణ్ణే!"

ఎల్స్‌పెత్ బిడ్డను గుండెకు సర్దుకుంది.

"వీడు మొదటివాడు కాదు నాన్నా."

నాలుగేళ్ళ కిందట ఆబర్డీన్ ఆసుపత్రిలో ప్రాణం లేకుండా పుట్టాడు మొదటి బిడ్డ. తెల్ల పెట్టెలో తెచ్చి అక్క పక్కన పూడ్చాం. రాయి మీద పేరు చెక్కించలేదు. అలా పుట్టినవాళ్ళ పేర్లు రాసే పుస్తకం ఎవరికీ చూపించరు, ఏ ఫిల్ములోనూ దొరకదు.

"వాడికీ నీ పేరే పెట్టాను" అంది. "ఎవరూ అడగలేదు."

బావ మెట్ల మీద కూలబడ్డాడు.

"ఎలా ఉండేవాడమ్మా?"

"ముక్కు నీదే నాన్నా" అంది ఎల్స్‌పెత్.