డి పెట్టాక ఒక్క ఊపిరి

డ్రైవింగ్ మాస్టారి కారు ముసలిది. గేర్లు తనంతట తానే మార్చుకునే రకం కాబట్టి క్లచ్ అంటే హడలిపోయేవాళ్లూ, మోకాళ్లు సహకరించనివాళ్లూ, మొగుడి దగ్గర నేర్చుకోబోయి మాటామాటా పెరిగి మానుకున్నవాళ్లూ వెతుక్కుంటూ ఆయన దగ్గరికే వచ్చేవారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పక్క సీట్లో కూర్చుని, ఎదుటివాళ్ల పొరపాట్లకు లేని బ్రేకును తొక్కీ తొక్కీ ఆయన పిక్క రాయిలా గట్టిపడిపోయింది. ఇల్లు చేరాక నోరు విప్పే ఓపిక ఉండేది కాదు.

"ఊళ్లోవాళ్లకి చెప్పీ చెప్పీ మాటలన్నీ అక్కడే అయిపోతాయి కాబోలు, ఇంట్లోకి మిగలవు" అనేది భార్య. ఆయన కాళ్లు చాపుకుని పిక్క నొక్కుకునేవాడు.

కారుకు ఒక జబ్బుంది. గేరు కడ్డీని ముందుకు నడిపే 'డి'లోకి లాగితే వెంటనే కదిలేది కాదు. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు ఆలోచించి, చిన్న కుదుపుతో అందుకునేది. గేర్‌బాక్సులో ఆయిలు ఏనాడూ మార్చిన పాపాన పోలేదు. మార్చుదామంటే మెకానిక్కు ఒప్పుకునేవాడు కాదు. మెకానిక్కంటే పరాయివాడేం కాదు, స్వయానా బావమరిది.

"వద్దు బావా. ఇన్నేళ్లు ముట్టుకోలేదు. లోపల ప్లేట్లు అరిగి, ఆ పొడంతా ఆయిల్లో కలిసి, ఆ పట్టు మీదే బండి నడుస్తోందేమో. కొత్త ఆయిలు పోస్తే ఆ పట్టు కూడా పోయి అసలు కదలకపోవచ్చు."

"మార్చకపోతే?"

"ఎప్పుడో ఒకప్పుడు ఎలాగూ పోతుంది. నడిచినన్నాళ్లు నడుపుకో. కందిరీగల తుట్టెని కదపడం ఎందుకు?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ కాలం కారుకు మరో గేర్‌బాక్సు దొరికే ఆశ లేదు. కారు పోతే మాస్టారి బతుకుతెరువు పోయినట్టే. అందుకని ఆయన జబ్బు జోలికి వెళ్లకుండా పాఠాన్నే దానికి తగ్గట్టు సర్దుకున్నాడు.

"డి పెట్టండి. బ్రేకు వదలండి. ఒక్క ఊపిరి తీసుకుని, యాక్సిలరేటరు కొంచెం తొక్కండి. అదే అందుకుంటుంది."

చెప్పగా చెప్పగా అది జబ్బన్న సంగతి ఆయనే మరిచిపోయాడు. డ్రైవింగంటేనే అంత అనుకున్నాడు.

ఒక ఉదయం బ్యాంకు మేడమ్ వచ్చింది. ఆయన దగ్గర నేర్చుకుని ఈమధ్యే కొత్త కారు కొనుక్కున్న మనిషి. అలాంటి మనిషి నడిచి రావడం చూడగానే మాస్టారి మనసు కీడు శంకించింది.

"గేటుకి గుద్దేశాను మాస్టారూ" అందామె. "డి పెట్టి బ్రేకు వదిలానో లేదో కదిలింది. నేనేమో అలవాటుగా ఇంకాస్త తొక్కాను. ఎగిరి దూకింది. మా బాబు సైకిలు చక్రాల కింద నలిగిపోయింది. వాడు అప్పుడే దిగి లోపలికెళ్లాడు కాబట్టి సరిపోయింది." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "తప్పు నాదేలెండి. మీరు ఎంతో ఓపిగ్గా నేర్పారు. నాకే చేతకాలేదు. తాళాలు మావారికి ఇచ్చేశాను, ఇక కారు జోలికి పోను."

మాస్టారు తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. ఆ ఇంకాస్త తొక్కడం నేర్పింది తనే. ఆమె మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. ఆయన కారు తీసుకుని తిన్నగా షెడ్డుకు వెళ్లాడు.

"ఆయిలు మార్చెయ్‌రా."

"బండి పోతే?"

"పోనీ."

"అక్కకేం చెప్తావు?"

"పోయిందని చెప్తాను. ఆ పిల్లాడు సైకిలు మీదే ఉండుంటే వాళ్లమ్మకేం చెప్పేవాణ్ణిరా?"

జరిగిందంతా విన్నాక బావమరిది కారు కిందికి దూరాడు. కాటుకలాంటి ఆయిలు, మాడు వాసనతో రేకు డబ్బాలోకి కారింది. "ఉండాల్సినంత ఆయిలు కూడా లేదు బావా ఇందులో, ఆ ఆలస్యం అందుకేనేమో" అన్నాడు. డబ్బాను ఎదుటి గోడ దగ్గరికి నెట్టి, కొత్త ఆయిలు కొలకడ్డీ మీది గీత దాకా పోసి, ఇక నీ అదృష్టం అన్నట్టు పక్కకు జరిగాడు.

మాస్టారు స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఒళ్లంతా అలసటే. కదలకపోతే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఇక ఎవరి పక్కనా కూర్చుని లేని బ్రేకు తొక్కక్కర్లేదు. డి పెట్టాడు. బ్రేకు వదిలాడు.

కారు ఆలోచించలేదు. ఆయన కాలు కూడా ఆలోచించలేదు, పాత అలవాటు చొప్పున యాక్సిలరేటరు మీదికి పోయింది. కారు ముందుకు దూకి, పాత ఆయిలు డబ్బాను తన్నేసి, గోడకు జానెడు దూరంలో బ్రేకు పడి ఆగింది.

"బతికింది బావా!" అని అరిచాడు బావమరిది, ప్యాంటు నిండా ఆయిలుతో. "నన్ను చంపబోయింది గానీ, అది మాత్రం బతికింది!"

మాస్టారికి నవ్వు రాలేదు. పొద్దున ఆమె చెప్పిందీ అచ్చం ఇదే. నెమ్మదిగా కారు నడుపుకుంటూ ఆమె ఇంటికి వెళ్లాడు. వంగిపోయిన గేటు పక్కన ఆమె నిలబడి ఉంది.

"తప్పు మీది కాదమ్మా. నా కారు జబ్బుని మీకు పాఠంగా చెప్పాను. ఇందాక నేనూ మీలాగే దూకించాను. తాళాలు తెచ్చుకోండి, ఇద్దరం మొదటి నుంచీ నేర్చుకుందాం."

ఆమె గేటు వైపు ఒకసారి చూసింది. లోపలికెళ్లి తాళాలు తెచ్చుకుంది. తన కారు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాక అడిగింది.

"మరి ఊపిరి ఎప్పుడు తీసుకోవాలి మాస్టారూ?"

"మీ ఇష్టం వచ్చినప్పుడు తీసుకోండమ్మా. కాలు మాత్రం బ్రేకు మీద ఉండనివ్వండి."