మల్లా ఒకసారి చెప్పప్పా

ఆశీర్వాదప్పకు ఏ సంగతైనా ఒక్కసారి చెబితే అర్థం కాదు. రెండోసారికీ కాదు. మూడోసారి చెప్పాక, తల ఒక పక్కకు వాల్చి, "నాది మొద్దు బుర్రప్పా, బేజారు చేసుకోవద్దు. మల్లా ఒకసారి చెప్పు" అంటాడు. చర్చిలో పాస్టరు గారు ఆదివారం ప్రకటనలు చదివి కూర్చున్న తర్వాత కూడా ఈయన లేచి "అయ్యగారూ, మల్లా ఒకసారి" అంటాడని బళ్ళారిలో ప్రతీతి.

అలాంటి మనిషికి మిషను నేర్పే పని నా నెత్తిన పడింది.

మాది జీన్సు ప్యాంట్లు ఉతికే యూనిట్. కొత్త ప్యాంటు పాతదిలా కనబడాలంటే తొడల దగ్గర రంగు పోగొట్టి తెల్లచారలు దించాలి. పద్నాలుగు మంది కూర్చుని ఉప్పుకాగితంతో గీకేవారు. ఇరవై ఏళ్ళుగా అదే పని, వాళ్ళలో ఒకడే మేస్త్రీ, ఆశీర్వాదప్ప. అలా ఉండగా మా సావుకారు బసవరాజ్ లేజర్ మిషను తెప్పించాడు. పదిమంది పూటంతా గీకేదాన్ని అది గంటలో కాల్చేస్తుంది. సావుకారు అందరినీ నిలబెట్టి చెప్పాడు: "నెల టైము. నేర్చుకున్నోళ్ళు ఉంటారు. నేర్చుకోనోళ్ళు వేరే దారి చూసుకోవల్ల."

నేర్పవలసినవాణ్ణి నేను. కప్పగల్లు వాణ్ణి, వయసు ఇరవై నాలుగు, చేతిలో డిప్లొమా, ఒళ్ళంతా తొందర.

మొదటిరోజు మొదలుపెట్టాను. "ఇది పవర్ బటన్. నొక్కితే మిషను ఆన్ అవుతుంది. అర్థమైందా?"

పదమూడు తలలు ఊగాయి. పద్నాలుగోది పక్కకు వాలింది.

"మల్లా ఒకసారి చెప్పప్పా."

"నొక్కితే ఆన్ అవుతుంది."

"నొక్కి పట్టుకోవల్లనా? నొక్కి ఇడిసిపెట్టల్లనా?"

పుస్తకం తీసి చూశాను. మూడు సెకన్లు పట్టుకోవాలట. ఆ సంగతి నాకే తెలియదు.

రెండోరోజు ఎర్ర బటన్ దగ్గర ఆగిపోయాం. "ఏదైనా తేడా వస్తే దీన్ని నొక్కండి, మిషను ఆగిపోతుంది" అన్నాను.

"నొక్కితే తిడతారా ప్రశాంతప్పా?"

"ఎవరు?"

"సావుకారు."

"తిట్టరు."

"సొల్ప గట్టిగా చెప్పు. ఎనక ఉండేవాళ్ళకి ఇనబడల్ల."

"తిట్టరూ!" అని అరిచాను. పక్క షెడ్డులో ఉతికేవాళ్ళు కూడా తొంగిచూశారు.

స్క్రీన్ మీద ఇంగ్లీషు అక్షరాలు తనకు చీమల్లా కనబడుతున్నాయన్నాడు. ఒక్కొక్కదాని పక్కన బొమ్మ గీసి అంటించాను. సన్నగుడ్డకు నెలవంక, మందంగుడ్డకు సూర్యుడు. సూర్యుడు చపాతీలా ఉన్నాడని మళ్ళీ గీయించాడు. ఇంట్లో మా అమ్మ "ఇంకొంచెం అన్నం పెట్టేదా?" అంటే, "పెట్టు, పెట్టు, పెట్టు" అని మూడుసార్లు చెప్పే స్థితికి వచ్చాను.

మూడో వారం నా ఓపిక అయిపోయింది. సావుకారు దగ్గరకు వెళ్ళి, "అందరూ బాగానే నేర్చుకుంటున్నారు, ఒక్క ఆశీర్వాదప్పతోనే కావడం లేదు" అని చెప్పేశాను. ఆయన ఉద్యోగానికే ఎసరు పెడుతున్నానని ఆ క్షణంలో నాకు తోచలేదు. తోచి ఉంటే బాగుండేది.

నెల నిండి పరీక్ష రోజు వచ్చింది. సావుకారు కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. పదమూడు మందీ ఒకరి తర్వాత ఒకరు మిషను నడిపారు. సంతకం పెట్టడం కూడా రాని కెంచమ్మ, నెలవంక చూసి వేడి తగ్గించి, తొడమీద చారలు ముచ్చటగా దించింది. నేను గర్వంతో ఉబ్బిపోయాను.

పద్నాలుగోవాడుగా ఆశీర్వాదప్ప ముందుకు వచ్చాడు. సావుకారు చెయ్యి అడ్డంపెట్టాడు.

"నువ్వొద్దులే ఆశీర్వాదం. నీకు పట్టుబడలేదని ప్రశాంత్ చెప్పినాడు. రేపట్నుంచి గేటు కాడ కూర్చో."

ఆశీర్వాదప్ప నా వైపు చూశాడు. కోపం లేదు. "సరే సావుకారే" అని టిఫిన్ క్యారియర్ అందుకున్నాడు.

టక్కుమని మిషను ఆగిపోయింది. కెంచమ్మ చెయ్యి ఎర్ర బటన్ మీద ఉంది.

"ఎందుకు ఆపితివి?" అన్నాడు సావుకారు.

"తేడా వస్తే ఆపమన్నారు. తిట్టరని కూడా చెప్పినారు," అంది. బటన్ మీంచి చెయ్యి తీయలేదు. "ఆయప్పకి తెలీదని ఎవరన్నారు? టీ తాగేటప్పుడు ఆయప్ప మమ్మల్ని రోజూ అడుగుతాడు, 'ఏది అర్థం కాలేదమ్మా' అని. మేం చెప్పిందంతా ఈడికొచ్చి తనకే తెలీనట్టు అడుగుతాడు. ఎర్ర బటన్ అంటే బయపడింది నేను. అచ్చరాలు కానరానిది నాకు. మొద్దని మీరంతా నగింది ఆయప్పని!"

వెనక నిలబడ్డ హులిగప్ప, "నెలవంక బొమ్మ గీయించింది నాకోసం" అని గొణిగాడు.

సావుకారు లేచి నిలబడ్డాడు. "ఏదీ, నడుపు చూస్తాం."

ఆశీర్వాదప్ప తప్పు చేసి దొరికిపోయినవాడిలా మిషను దగ్గరకు వచ్చాడు. ప్యాంటు పరిచాడు, వేళ్ళతో గుడ్డ నలిపి చూశాడు, నేను పెట్టిన వేడిని రెండు గీతలు తగ్గించాడు. "ఈ గుడ్డ సొల్ప నాజూకు ప్రశాంతప్పా. నువ్వు పెట్టినంత పెడితే బొక్క పడతాది," అన్నాడు నాకు మాత్రమే వినబడేలా. చారలు దిగాయి. అవి చూశాక అంతవరకూ మేము దించినవన్నీ పిల్లల గీతల్లా కనబడ్డాయి.

"ఎన్నోసారికి అర్థమైంది నీకు?" అని అడిగాను.

ఆయన మొహమాటపడ్డాడు. "మొదటిసారికే. నువ్వు బాగానే చెప్పినావప్పా."

"మరి నన్నెందుకిట్లా నెల పొడుగునా..."

"యాభై ఏండ్లు వచ్చినాక, నీ మాదిరి చిన్నోళ్ళ ముందర 'తెలీదు' అనేకి నోరు రాదప్పా. నాకైతే ఎట్లాగూ మొద్దని పేరుండాది. ఆ పేరు ఊరికే పడి ఉంటే ఏం లాభం? నలుగురికి పనికొస్తే రానీ అనుకుంటి."

నాకు ఎక్కడ చూడాలో తెలియక మిషను స్క్రీన్ తుడిచాను. అది శుభ్రంగానే ఉంది.

ఆ నెల ఎవరూ వేరే దారి చూసుకోలేదు. ఆశీర్వాదప్ప లేజర్ సెక్షనుకి మేస్త్రీ అయ్యాడు.

పది రోజుల తర్వాత సావుకారు నన్ను తన గదికి పిలిచాడు. మిషను రోజూ ఎన్ని ప్యాంట్లకు చారలు దించిందో కొత్త ట్యాబ్‌లో ఎలా చూడాలో చెప్పమన్నాడు. చెప్పాను. "ఊ, ఊ, అర్థమైంది" అని గంభీరంగా తల ఊపాడు. ట్యాబ్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, తలుపు దాకా వెళ్ళి ఆశీర్వాదప్పను కేకేశాడు.

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ట్యాబ్ చూశాడు, సావుకారు మొహం చూశాడు. ఏమీ అడగకుండా వచ్చి పక్క కుర్చీలో కూర్చుని, తల ఒక పక్కకు వాల్చాడు.

"ప్రశాంత్, మల్లా మొదట్నుంచి చెప్పు," అన్నాడు సావుకారు కళ్ళద్దాలు పెట్టుకుంటూ. "సొల్ప నిదానంగా చెప్పప్పా. పాపం, ఆశీర్వాదానికి తొందరగా అర్థం కాదు."