ఒంటి వాసన

మెట్టుగూడ రైల్వే గోడ పక్క సందులో తెల్లవారగానే వినిపించేది రసూల్ బీ బట్టలు బాదే చప్పుడే. కొంగు నడుముకు దోపి, గొంతుక్కూర్చుని, మోచేతుల దాకా నురగతో ఉతుకుతూనే ఉంటుంది. వేళ్లు ఎప్పుడూ నానిపోయి తెల్లగా ఉంటాయి. ఏ బాధ వచ్చినా ఆమె బండ దగ్గరికే వెళ్తుంది. మాటలు రాని కూతురు జన్నత్ మొన్న సాయంత్రం పాలకు వెళ్లి తిరిగి రాలేదు. వీధులన్నీ వెతికి అలిసిపోయాక, పిల్ల వచ్చేసరికి శుభ్రంగా ఉండాలని దాని బట్టలూ దుప్పటీ దిండు గలీబూ అన్నీ ఉతికి ఆరేసింది.

ఈ రోజు పోలీసులు కుక్కను తెచ్చారు. "అమ్మా, పిల్ల సెంట్ కావాలె, జల్ది" అన్నాడు గొలుసు పట్టుకున్న కానిస్టేబుల్ రాజేందర్. రసూల్ బీ లోపలికి పరుగెత్తి, రంజాన్‌కు కూతురు ముచ్చటపడి కొనుక్కున్న సెంటు సీసా తెచ్చి రెండు చేతులతో అందించింది.

"గీ సెంటు కాదమ్మా. పిల్ల ఒంటి వాసన. ఉతకని బట్ట ఏదన్న ఉంటే ఇయ్యి."

ఆమె తీగ మీది బట్టలను ఒక్కొక్కటే లాగి ముక్కుకు ఆనించుకుంది. అన్నిటికీ సబ్బు వాసనే. చివరికి కుక్క ముందు మోకాళ్ల మీద కూలబడి చెయ్యి చాపింది.

"నన్ను వాసన చూడమను సార్. నా కడుపుల పుట్టింది గదా."

రాజేందర్ గొలుసు వదులు చేశాడు. కుక్క ఆ చేతిని వాసన చూసి సందు చివరిదాకా పోయింది. మళ్లీ వెనక్కి వచ్చి రసూల్ బీ పక్కనే కూర్చుంది.