అది వేరే సార్

పాల్వంచలో మా ఇల్లు కట్టిన మేస్త్రీ తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడంటే నాన్న గుండె జారిపోయేది. వెంటనే "అది వేరే సార్" అనేవాడు. ఒప్పందం నాడు ఆ డబ్బుకే ఇల్లంతా కట్టే పూచీ నాదే అన్న మనిషి, తర్వాత సంపు ఖర్చు వేరే అన్నాడు, మెట్లు వేరే అన్నాడు. అమ్మ గొలుసు మెట్లకే పోయింది.

ఒకరోజు చర్ల నుంచి పనికొచ్చిన కూలీ ఆమె పాదం మీద ఇటుకలు పడ్డాయి. దవాఖానాకు తీసుకుపొమ్మని నాన్న అంటే, మేస్త్రీ తాపీగా మూతి తుడుచుకుని, "అది గూడ వేరే సార్" అన్నాడు.

"ఏం మనిషివిరా నువ్వు! జల్దీ నడువ్, మళ్ల గీడికి రాకు" అని నాన్న అతన్ని వెళ్లగొట్టి, ఆమెను ఆటోలో తీసుకెళ్లాడు.

గోడలకు ప్లాస్టరింగ్ లేకుండానే ఆ ఇంట్లో దిగాం. పిలవకపోయినా మేస్త్రీ గృహప్రవేశం దావత్‌కు వచ్చి మొదటి బంతిలోనే కూర్చున్నాడు. అమ్మ అతన్ని లేపి, కుంటుతూ వచ్చిన కూలీ ఆమెను అక్కడ కూర్చోబెట్టింది. అతనికి సిగ్గనిపించలేదు, రెండో బంతికి ఆగాడు.