పై అంతస్తు లేని ఇంట్లో గంట

నా చిన్నప్పుడు మా నాన్నగారు ఐర్లండులోని కార్క్ నగరంలో ఒక ఆసుపత్రిలో డాక్టరు. మేం ఆ పక్కనే బాలింకాలిగ్‌లో ఉండేవాళ్లం. అప్పట్లో దాన్ని పట్నం అంటే ఎవరైనా నవ్వేవారు. బడి మొత్తానికి చామనచాయ మొహం నాదొక్కదే. తొమ్మిదేళ్ల నాకు లోకంలో అన్నిటికన్నా భయం మా తరగతిలోని ఒక పిల్ల అంటే. ఆమె చిటిక వేసేది, నేను లేచేదాన్ని. ఆమె సంచీ మోయడం, కోటు తెచ్చివ్వడం, పెన్సిలు చెక్కిపెట్టడం అన్నీ నా వంతే. ఏనాడూ కొట్టలేదు, తిట్టలేదు. చిటిక సరిపోయేది. అమ్మతో చెబితే, "మనం పరాయి దేశంలో ఉన్నాం పాపా, అడిగింది చేసిపెడితే పోయేదేముంది?" అంది. అమ్మను తప్పుపట్టను. ఆవిడా భయపడుతూనే రోజులు నెట్టుకొచ్చింది.

పక్కింట్లో డెబ్బై ఏళ్ల ఐరిష్ మామ్మ ఒంటరిగా ఉండేది. పొడవాటి మనిషి, మాట పొదుపు. రెండు సంచులు మోసుకుంటూ ఆ పిల్ల వెనకాల నేను నడవడం రోజూ కిటికీలోంచి చూసేదట. ఒక శనివారం మధ్యాహ్నం, బ్లాక్‌బెర్రీలు కోసుకొస్తామని మా అమ్మకు చెప్పి నన్ను తీసుకెళ్లింది. చేతిలో గిన్నె కూడా పట్టుకుంది. దారి పొడవునా పొదల నిండా పళ్లున్నా ఒక్కటీ కోయలేదు.

ఊరు దాటాక మనిషికి రెండింతల ఎత్తున రాతిగోడ మొదలైంది. ఎంత నడిచినా అయిపోదే! నడుస్తూనే మామ్మ దాని సంగతి చెప్పింది. వందల ఏళ్ల కిందట ఇంగ్లండు రాణి రాసిచ్చిన కాగితం పట్టుకుని ఒక కుటుంబం అక్కడ దిగిందట. ఆ నేల దున్నుకుంటున్న మామ్మ పూర్వీకులను రాళ్ల గుట్టల మీదికి తరిమి, తర్వాత ఈ గోడ కట్టించుకున్నారట. తరాలు గడిచాక ఆ గుట్టల మీది పిల్లలే గోడ లోపలికి పనికి వెళ్లారు. మామ్మ పద్నాలుగో ఏట వెళ్లింది. మా అమ్మ మాటల్లో చెప్పాలంటే అది దొరల బంగళా, మామ్మ దొరసాని గదికి పనిపిల్ల.

గోడ కూలినచోట లోపలికి దూరాం. బంగళాకు కప్పు లేదు, పై అంతస్తు లేదు. కాలి నల్లబడిన గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి, లోపల మొలిచిన చెట్లు కిటికీల్లోంచి బయటికి చూస్తున్నాయి. నేలమాళిగలో పనివాళ్లు తిరిగే నడవా ఒకటి మిగిలింది. దాని గోడకు వరసగా తుప్పుపట్టిన కొక్కేలున్నాయి. పూర్వం పై గదుల్లో తాడు లాగితే ఇక్కడ గంటలు మోగేవట. అన్నిటినీ ఎవరో పీక్కుపోగా ఒక్క గంట మిగిలింది. దాని తీగ తెగి జానెడు ముక్క వేలాడుతోంది.

ఆ గంట మోగింది.

గాలి లేదు. కాకి ఏదైనా తగిలిందేమోనని ఇన్నేళ్లుగా నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను గాని, అక్కడ కాకి కూడా లేదు. నన్ను అంతకన్నా వణికించింది మామ్మ. ఆవిడ నడుం నిటారుగా అయింది. ఒంటి మీద లేని ఏప్రన్‌ను చేత్తో సరిచేసుకుంది. తల వంచుకుని మెట్లవైపు చకచకా నడిచింది. అక్కడ మెట్లు లేవు. నేను కెవ్వుమన్నాను.

ఆవిడ ఆగింది. గంట మోగుతూనే ఉంది. వెనక్కి వచ్చి ఒక రాయి మీద కూర్చుని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "మోగనీ పిల్లా. పైన ఎవరున్నారో చూడు" అంది. తలెత్తి చూశాను. ఆకాశం తప్ప ఏమీ లేదు.

అప్పుడు చెప్పింది. స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న కుర్రాళ్లు ఒక సాయంకాలం వచ్చి, ఇంట్లోవాళ్లందరినీ బయటి పచ్చిక మీదికి పంపి బంగళాకు నిప్పుపెట్టారు. వాళ్లలో మామ్మ వాళ్ల అన్న కూడా ఉన్నాడు. ఆ వేడికి తీగలు ఏమయ్యాయో గాని, ఖాళీ ఇంట్లో గంటలన్నీ ఒక్కసారిగా మోగాయి. "దొరసాని నా పక్కనే నిలబడి ఉంది. అయినా ఆమె గంట వినగానే మంటల్లోకి పరిగెత్తాను. మా అన్న నడుం పట్టి లాగకపోతే అక్కడే బూడిదయ్యేదాన్ని" అంది. నా మొహంలోకి చూసింది. "నాకు గంట, నీకు చిటిక. నడుం పట్టి ఆపడానికి రోజూ ఎవరూ రారు పిల్లా."

గంట ఆగేదాకా అలాగే కూర్చున్నాం.

సోమవారం ఆ పిల్ల చిటిక వేసింది. నా కాళ్లు సగం లేచాయి. బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాను. మరో రెండుసార్లు వేసి, నావైపు వింతగా చూసి, తన సంచీ తనే తీసుకుంది. ఇంత తేలికా అని నాకు ఏడుపొచ్చింది.

నేను నర్సింగ్ చదువుతున్న రోజుల్లో మామ్మ ఆసుపత్రిలో చేరింది. చూడ్డానికి వెళితే గుర్తుపట్టలేదు. ఇంతలో వార్డులో ఎవరో రోగి నర్సు కోసం గంట నొక్కారు. మామ్మ కళ్లు తెరవలేదు. దుప్పటి కింద పాదాలు మాత్రం కదిలాయి, మంచం దిగడానికి నేలను వెతుక్కున్నాయి. దొరలు ఈ దేశం వదిలి వెళ్లి అప్పటికి అరవై ఏళ్లు దాటింది. నేను ఆ రెండు పాదాలనూ గట్టిగా పట్టుకున్నాను. అవి ఊరుకునేదాకా వదల్లేదు.

ఇప్పుడు ఈ దేశంలోనే టాలట్ అనే ఊళ్లో ఉంటున్నాను, నర్సుగా రిటైరయ్యే వయసొచ్చింది. వార్డులో గంట మోగితే లేచి వెళతాను, అది నేను కోరి ఎంచుకున్న పని. కానీ లేచే ముందు ప్రతిసారీ ఆ పాదాలు నా అరచేతుల్లో కొట్టుకుంటాయి.