ఊపిరి తీసుకునే చోటు

పుస్తకాలను చదివి వినిపించే ఒక చిన్న కంపెనీలో ఆ అమ్మాయికి ఉద్యోగం. చదివినవాళ్ళ ఊపిరిని కత్తిరించడం ఆమె పని. గొంతు బాగున్నవాళ్ళు గాజు గదిలో కూర్చుని నవలలు చదువుతారు. వాక్యానికీ వాక్యానికీ మధ్య గాలి పీల్చుకుంటారు, గుటక వేస్తారు, పెదాలు తడుపుకుంటారు. వినేవాళ్ళకు అవేవీ వినపడకూడదు. ఈమె గాజుకు ఇవతల కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. తెరమీద గొంతు కొండల్లా, లోయల్లా పరుచుకుని ఉంటుంది. మాటలు కొండలు. వాటి మధ్య గడ్డిపరకల్లా సన్నగా నిలబడి ఉండేది ఊపిరి. గడ్డి కనపడగానే రెండు వేళ్ళు కదులుతాయి. అక్కడ ఇక ఏమీ ఉండదు.

అక్కడ ఎక్కువ పుస్తకాలు చదివేది ఒకప్పుడు నాటకాలు వేసిన పెద్దాయన. ఆఫీసు మొత్తానికీ బాబాయ్. ఈమెకు కత్తెర అని పేరు పెట్టింది ఆయనే.

"ఏమ్మా కత్తెరా, నిన్న నన్నెన్నిసార్లు చంపావు?" అనేవాడు పొద్దున్నే, టీ కప్పుతో గది గుమ్మంలో నిలబడి.

"పేజీకి పదిసార్లు, బాబాయ్ గారూ."

"నయం. ఇంట్లో మీ పిన్ని లెక్కే పెట్టదు."

ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరే. తల్లి ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. చిన్నప్పుడు కత్తెర బడి వదలగానే కొలను దగ్గరికే వెళ్ళేది. తల్లి పని అయ్యేదాకా తడి గచ్చు మీద సంచీ తలకింద పెట్టుకుని పడుకునేది. నీళ్ళమీద పడ్డ ఎండ పైకప్పుకెక్కి అక్కడ పాకుతూ ఉండేది. ఈలలూ కేకలూ దూరంగా, దూదిలోంచి వచ్చినట్టు వినపడేవి. నిద్రకీ మెలకువకీ మధ్య ఆ వెలుగుకు తను ఏవో కూనిరాగాలు కట్టడం ఆమెకు గుర్తే. ఈత మాత్రం వచ్చీ రానట్టే వచ్చింది. "కాళ్ళు ఆడించడమే రాదు నీకు" అని తల్లి ఇప్పటికీ దెప్పుతుంది.

పెద్దయ్యాక ఆ కూనిరాగాలే పాటలయ్యాయి. కిటికీకి పరుపు ఆనించి బయటి రొద ఆపేది. మైకుకు పాత సాక్సు తొడిగేది. పలకని మీటలు రెండున్న కీబోర్డు మీద, ఆ రెండు స్వరాలూ రాకుండా బాణీ కట్టేది. రాసుకోవడం, వాయించుకోవడం, పాడుకోవడం, అతికించడం అన్నీ తనే. ఒక చరణాన్ని ఒకేసారి పాడేది కాదు. సగం పంక్తి ఇవాళ, సగం రేపు. ప్రతి ముక్కనూ మళ్ళీ మళ్ళీ పాడి, అన్నిట్లోకీ బాగా వచ్చినదాన్ని ఏరుకుని, అతుకు కనపడకుండా కలిపేది. కలిపేటప్పుడు గడ్డిపరకలు కనపడేవి. రెండు వేళ్ళు వాటంతటవే కదిలేవి.

మొదటి పాటలు స్నేహితులు విన్నారు, మొహమాటానికి మెచ్చుకున్నారు. ఆ తర్వాత పైకప్పు మీద వెలుగు గురించి ఒకటి చేసింది. అది ఎలాగో చేతులు మారి, బస్సుల్లో కిటికీ పక్కన కూర్చునేవాళ్ళ చెవుల్లోకి చేరింది. నిద్రలో నడుస్తున్నట్టుందని ఎవరో రాశారు. పాట అయిపోయేదాకా దిగాల్సిన స్టాపు గుర్తు రాలేదని ఇంకెవరో రాశారు. కత్తెర ఆ మాటలు చూసుకుంటూ మూడంతస్తుల మెట్లు ఎప్పుడెక్కిందో కూడా తెలియని రోజులవి.

తల్లి వంటగదిలో నిలబడి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని మొత్తం విన్నది.

"బాగుందే. చాలా బాగుంది" అంది. ఇయర్‌ఫోన్లు తీసి చేతికిస్తూ, "ఇంతకీ పాడిన పిల్ల ఎవరు?" అంది.

"నేనేనమ్మా!"

"నువ్వా? నువ్వు ఉప్పు అందివ్వమని అడగడానికే రెండుసార్లు ఊపిరి పీలుస్తావు గదే."

కూతురు నవ్వేసింది గానీ, ఆ ప్రశ్న చెప్పులో ఇసుకలా ఉండిపోయింది.

కొద్దిరోజులకు పిలుపు వచ్చింది. సోఫాలమ్మే దుకాణం పైఅంతస్తులో చిన్న హాలు. కొత్తవాళ్ళ చేత ఆదివారం సాయంత్రాలు పాడిస్తారు. హాలు నడిపే ఆవిడ ఫోన్లో సూటిగా చెప్పింది. "చూడమ్మా, ఆ వెలుగు పాట కోసమే పిలుస్తున్నాం. సంగీతం కంప్యూటర్లోంచి వచ్చినా ఫరవాలేదు. గొంతు మాత్రం నీ నోట్లోంచే రావాలి. రికార్డు వేసి పెదాలాడించేవాళ్ళని ఒకసారి పిలిచి బుద్ధొచ్చింది మాకు."

"అయ్యో, నేనే పాడతానండీ" అంది కత్తెర. అనేముందు ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

డ్రమ్ములు వాయించేది చిన్నప్పటి స్నేహితుడు. దరువు అంటారందరూ. వాళ్ళ నాన్నకు టైర్ల కొట్టుంది. గోడల నిండా పేర్చిన టైర్లు చప్పుడు మింగేస్తాయి కాబట్టి వీళ్ళ సాధన అక్కడే. రబ్బరు వాసన మధ్య మొదటి పంక్తి బాగానే గడిచింది. రెండోది ఇలా నడుస్తుంది: పైకప్పు మీద పాకే వెలుగు మెల్లగా దిగి నా మంచం అంచున కూర్చుని నన్ను తట్టి నా పేరడిగి నేను చెప్పేలోపే నవ్వి వెళ్ళిపోయింది. రికార్డులో అది ఒకే గుక్క. కొట్లో మంచం అంచు దాటేసరికి ఆమె గొంతు పీలగా అయి ఆగిపోయింది.

మళ్ళీ పాడింది. మళ్ళీ మంచం దగ్గరే ఆగింది.

"ఆ వెలుగు మీ ఇంటికి రోజూ వస్తుందిగానీ పేరు మాత్రం అడగట్లేదు" అన్నాడు దరువు.

"నోర్ముయ్యరా. ఇంకోసారి."

ఇంకోసారి ముఖం ఎర్రబడింది, దగ్గొచ్చింది. దరువు పుల్లలు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఈ పాట రాసినవాళ్ళకి నీమీద ఏదో పాత కక్ష ఉన్నట్టుంది."

ఆమె టైరు మీద కూలబడింది. సంగతి అప్పటికి అర్థమైంది. పాటను ముక్కలుగా పాడింది, ముక్కల మధ్య ఊపిరంతా తనే ఏరిపారేసింది. పాట మొదట్నుంచి చివరిదాకా ఎక్కడా ఊపిరి తీసుకునే చోటు లేదు. అందరూ ఇష్టపడ్డ ఆ పాటను మనిషన్నవాళ్ళు పాడలేరు.

"రికార్డు గొంతుని సన్నగా కింద పెట్టేద్దాం" అన్నాడు దరువు మెల్లగా. "నువ్వు ఆగినచోట అది అందుకుంటుంది. ఎవరికీ తెలీదు."

"మా అమ్మకి తెలుస్తుంది."

"మీ అమ్మ వస్తోందా?"

"మొట్టమొదటి టిక్కెట్టు ఆవిడే కొన్నది."

మర్నాటి నుంచి కత్తెర ఆఫీసు కాగానే కొలనుకు వెళ్ళసాగింది. ఊపిరి పెంచుకోవాలని. ముక్కు మూసుకుని అడుగుకు దిగి, ఆ రెండో పంక్తిని మనసులో పాడుకునేది. నీళ్ళకింద చప్పుళ్ళన్నీ మెత్తగా, గుండ్రంగా అయిపోయేవి. పిల్లల కాళ్ళు తలమీద తెల్లటి కాడల్లా కదిలేవి. ఎండ ముక్కలై గచ్చుమీద ఈదేది. వెలుగు దిగింది, మంచం మీద కూర్చుంది. అంతే, ఛాతీ మండి పైకి తేలేది.

ఒకరోజు అలా తేలేసరికి గట్టుమీద తల్లి ఈల మెడలో వేసుకుని నిలబడి ఉంది. "ఏంటే, నీళ్ళల్లో ఏమైనా పారేసుకున్నావా?"

కూతురు గట్టు పట్టుకుని, ఆయాసపడుతూ అంతా చెప్పింది. హాలావిడ షరతు, రెండో పంక్తి, దరువు ఉపాయం. తల్లి వింటూనే అవతల ఒక పిల్లను ఈలేసి గట్టువైపు రమ్మంది.

"ఊపిరి బిగబట్టడం నేనెవరికీ నేర్పను" అంది. "మొదటిరోజు బుడగలు వదలమంటాను. లోపలున్నది వదిలితే కావాల్సింది అదే వస్తుంది. నువ్వు చిన్నప్పుడూ ఇంతే. బుడగలంటే నామోషీ."

"పాటలో బుడగలు బాగోవమ్మా."

"అయితే ఆ పాట చేపకివ్వు, పాడుతుంది" అని తల్లి పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి కత్తెర తన గదిలో కంప్యూటర్ తెరిచింది. కత్తిరించినదేదీ ఎక్కడికీ పోదు. అసలు రికార్డింగులు అడుగున అలాగే పడి ఉంటాయి. ఈసారి మాటలన్నీ ఆపేసి, ఊపిరి తీసిన చప్పుళ్ళు మాత్రమే వరసగా పెట్టుకుని విన్నది. ఆఫీసులో ఎందరి ఊపిరో కోసింది గానీ, తనది ఎన్నడూ వినలేదు. ఒకటి జలుబు చేసిన రోజుది. ఒకటి నవ్వాపుకుంటున్నది. పేరడగడానికి ముందు తీసుకున్నది కొద్దిగా వణికింది. గదిలో ఇంకెవరో నిద్రపోతున్నట్టుంది. ఆమె లేచి పరుపు పక్కకు జరిపి, కిటికీ తెరిచి, ఇంకోసారి విన్నది. తర్వాత ఒక్కొక్కదాన్నీ దాని చోట పెట్టుకుంటూ వచ్చింది. పాట సాగింది, తూలింది, తాళం తప్పింది. అయినా పెట్టింది.

"ఇక్కడ నేనేం వాయించాలి?" అన్నాడు దరువు, టైర్ల కొట్లో.

"ఏం వాయించొద్దు. ఆగు."

"ఎంతసేపు?"

"నేను పీల్చుకునేదాకా."

"అది నాకెలా తెలుస్తుంది?"

"నా భుజాలు చూస్తూ ఉండు."

"ఇన్నేళ్ళు తాళం నేర్చుకున్నది నీ భుజాలు చూడ్డానికా" అని గొణిగాడు గానీ, చూశాడు.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. వెనకవరసలో తల్లి, పక్కన బాబాయ్, ఆయన పక్కన పిన్ని. కత్తెర కీబోర్డు ముందు నిలబడి మొదటి పంక్తి ఎత్తుకోగానే హాలంతా గొంతు కలిపింది. వాళ్ళందరికీ పాట నోటికొచ్చు, రికార్డు పాట. రెండో పంక్తిలో వెలుగు దిగగానే ఆమె భుజాలు లేచాయి. దరువు ఆగాడు. మైకులో ఆమె ఊపిరి హాలంతా వినపడింది. జనం ఆగలేదు. రికార్డు వేగంతో ముందుకు దూసుకుపోయారు, మంచం మీద కూర్చున్నారు, అక్కడ ఒక్కుమ్మడిగా ఊపిరందక ఆగిపోయారు. ఎవరో దగ్గారు. ఎవరో పకపకా నవ్వారు. హాలంతా నవ్వింది. బాబాయ్ ఛాతీమీద చెయ్యేసుకుని, "కత్తెరా, మమ్మల్నీ చంపావా!" అని రంగస్థలం గొంతుతో అరిచాడు.

ఆమె కూడా నవ్వింది. నవ్వు తగ్గేదాకా ఆగి, మిగతా సగం పాడింది. వెలుగు పేరడిగింది, నవ్వి వెళ్ళిపోయింది.

రెండో చరణానికి ముందు ఆమె భుజాలు లేచాయి. ఈసారి ఎవరూ ముందుకు పోలేదు. చీకట్లో కూర్చున్నవాళ్ళందరూ ఆమెతోపాటే గాలి పీల్చుకున్నారు. కంప్యూటర్ తెర లేకపోయినా ఆమెకది కనపడింది, గాలికి ఒక్కసారిగా తలెత్తిన గడ్డిమైదానంలా. అలవాటుకొద్దీ రెండు వేళ్ళు కదలబోయాయి. వాటికింద కీబోర్డు మీటలుంటే, వాటిని నొక్కింది.

అంతా అయ్యాక తల్లీ కూతుళ్ళు మెట్లు దిగారు. కింద, దీపాలు వెలుగుతున్న సోఫాల దుకాణం అద్దం ముందు కూతురే ఆగి అడిగింది.

"పాడిన పిల్ల ఎవరో తెలిసిందా ఈసారి?"

"తెలిసింది" అంది తల్లి. "కాళ్ళు ఆడించడం రాని పిల్ల."