కాలవకు అవతలి ఓటు

మా పార్లమెంటు నియోజకవర్గం ఇప్పుడు లేదు. సరిహద్దులు మార్చినప్పుడు దాన్ని ఎత్తేసి, చుట్టుపక్కలవాటికి ముక్కలుగా పంచేశారు. అన్నీ పల్లెటూళ్లే ఉన్న నియోజకవర్గం. గెలిచినవాళ్లు మళ్లీ మా ఊరి మొహం చూసినట్టు నాకైతే గుర్తు లేదు. అయినా అదంటే నాకు ఇష్టం. మా అమ్మనీ పిన్నినీ ఒకే వరుసలో నిలబెట్టింది అదే.

అక్కాచెల్లెళ్లిద్దరినీ మా ఊళ్లోనే నేతపనివాళ్లకు ఇచ్చారు. కాలవకు ఇవతల అమ్మ, అవతల పిన్ని. పార్టీల దగ్గర మాత్రం ఉప్పూ నిప్పూ. ఓట్లనాడు మగ్గాలు ఆపేసేవాళ్లు. పిన్ని వంతెన దాటి వచ్చేది. ఇద్దరూ కలిసి బడికెళ్లి ఓట్లేసి, బయట బండి దగ్గర పుణుగులు తినేవాళ్లు.

"నీ ఓటు కొట్టేశానే," అనేది అమ్మ.

"కొట్టుకుపోయింది నీదేలే అక్కా."

"ఇద్దరూ ఇంట్లో పడుకున్నా లెక్క అంతేగా?" అనేవాడు నాన్న. అవతలి మనిషి నిజంగా పడుకుంటుందన్న నమ్మకం ఇద్దరికీ లేదు.

కొత్త సరిహద్దు సరిగ్గా కాలవ మీదుగా వెళ్లింది. పిన్ని వాళ్లు వేరే నియోజకవర్గంలో పడ్డారు, పోలింగ్ బూతూ అటే పెట్టారు. ఆ తర్వాత వచ్చిన మొదటి ఎన్నికకు నేను బెజవాడ నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లేసరికి, అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది.

"నేను రాను. అదక్కడ ఎవరికో వేసుకుంటుంది. ఇక్కడ నేనెవరి ఓటు కొట్టెయ్యాలి?"

ఓటు మన బాధ్యత అంటూ ఏదో చెప్పబోయాను. అమ్మ ఇంకో కండె అందుకుంది. ఆమెకు కావలసింది ఓటు కాదని అప్పుడు తెలిసింది. దిగులేసింది.

ఎండ ముదిరాక గొడుగేసుకుని పిన్ని వచ్చింది. వేలి మీద సిరా గుర్తు నల్లగా మెరుస్తోంది.

"నేను వేసొచ్చా. నువ్వింకా లేవలేదా అక్కా?"

"మీ ఎంపీ వేరు, మా ఎంపీ వేరు. ఇక నాతో నీకేం పని?"

పిన్ని గొడుగు ముడిచి అమ్మ పక్కనే చతికిలబడింది.

"వేరైతే ఏం? ఢిల్లీ వెళ్లాక ఇద్దరూ కూర్చునేది ఒక్క కప్పు కిందేగా? అక్కడ మావాడి మాట కొట్టెయ్యడానికి మీవాడొకడుండొద్దూ?"

రాట్నం ఆగింది. అమ్మ చెల్లెలి వేలు పట్టుకుని ఆ సిరా కాసేపు చూసింది.

"నీ సంగతి ఢిల్లీలోనే తేలుస్తానుండు," అంటూ చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.